దిద్దడం అనే విద్య

(శాఖా గ్రంథాలయ ప్రాంగణంలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆయన పేరు ఆహ్వానపత్రం మీద ఉంది. ముప్ఫయ్యేళ్ళకు పైగా ఈ గ్రంథాలయాన్ని నడిపిన ఆ మనిషి, బతికుండగా తన పేరు ఏ వేదిక మీద వినబడినా లేచి బీరువాల మధ్యకు వెళ్ళిపోయేవారు. ఆ స్వభావాన్ని మన్నించి నేనూ ఈ గంటసేపు ఆయన్ను మాస్టారు అనే అంటాను. ఈ ఊళ్ళో ఆ మాటకు వేరే మనిషి లేడు.

వర్ధమాన రచయితల చదువు, రాత అలవాట్ల గురించి మాట్లాడమని కార్యవర్గం వారు అడిగారు. ఈ విషయం ఎత్తగానే రోజుకు ఎన్ని పేజీలు చదవాలి, ఎన్ని రాయాలి, తెల్లవారుజామున కూర్చోవాలా, రాత్రి కూర్చోవాలా అన్న లెక్కలు బయటికొస్తాయి. ఆ లెక్కల మీద నాకు గురి లేదు. ఏడాదికి వంద పుస్తకాలు చదివి ఒక్క వాక్యం నేర్చుకోని వాళ్ళను చూశాను. పది పుస్తకాలనే జీవితమంతా తిరగేసి గొప్పగా రాసిన వాళ్ళనూ చూశాను. కనుక లెక్కలు పక్కన పెట్టి, మన భాషలోనే ఉన్న ఒక చిన్న మాటను పట్టుకుని మాట్లాడతాను. ఆ మాట దిద్దడం.

పిల్లవాడు మొదటిసారి అక్షరం పెట్టడాన్ని మనం రాయడం అనం, దిద్దడం అంటాం. పంతులుగారు పలక మీద అక్షరం రాసి ఇస్తే, ఆ గీత మీదే బలపంతో మళ్ళీ మళ్ళీ తిప్పి, అది లావెక్కి తెల్లగా మెరిసేదాకా దిద్దాలి. వీధిబడుల రోజుల్లో ఇసుక పరిచి వేలితో దిద్దించేవారు. అదే పిల్లవాడు పెద్దవాడై తప్పు రాస్తే, ఆ తప్పును సరిచేయడమూ దిద్దడమే. ముగ్గు దిద్దుతాం, కాటుక దిద్దుతాం, బిడ్డను తీర్చిదిద్దుతాం. నేర్చుకునే తొలి గీతకూ, తప్పు తెలిశాక పెట్టే సవరణ గీతకూ మన పూర్వులు ఒకే క్రియను ఉంచారు. తొలి గీత పిల్లవాడిది కాదు, మరొకరిది. దాని మీద తన చేయి నడుస్తుంది. అది చదవడమా, రాయడమా అని అడిగితే చెప్పడం కష్టం. ఈ రెండూ ఒకే పని అయిన కాలం మన సాహిత్యంలో చాలా పొడుగు. అవి విడిపోయిన కాలం పొట్టిది. రాయదలచిన వాళ్ళ ఇబ్బందులు చాలావరకు ఆ విడిపోవడంలోనే పుట్టాయని నా వాదం.

పక్కనున్న అద్దంకి నుంచే మొదలుపెడతాను. నన్నయ 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో మహాభారతాన్ని మొదలుపెట్టి అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. 13వ శతాబ్దంలో తిక్కన విరాటపర్వం నుంచి అందుకుని చివరిదాకా నడిపాడు. నడుమ మిగిలిన అరణ్యపర్వ శేషాన్ని 14వ శతాబ్దంలో, అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి కాలంలో ఎర్రన పూర్తిచేశాడు. ఎర్రన చేసిన పని ఎలాంటిదో ఒక్కసారి ఆలోచించండి. ఒక పక్క తనకు సుమారు మూడు వందల ఏళ్ళ ముందరి కవి, ఇంకో పక్క తన తాతల కాలపు కవి. ఇద్దరి నడకలూ వేరు. ఎర్రన తన పూరణను నన్నయ నడకలో మొదలుపెట్టి, పోను పోను తిక్కన నడకలోకి తెచ్చి కలిపాడన్నది విమర్శకులు ఎంతోకాలంగా చెబుతున్న మాట. అంతటితో ఆగక, ఆ భాగాన్ని నన్నయ రచించినట్టుగానే ఆయన రాజైన రాజరాజనరేంద్రుడికి అంకితంగా నడిపాడు. ఇద్దరు కవులను చెవిలో నిలుపుకున్నవాడికే అది సాధ్యం. ఎర్రన ఎన్ని గ్రంథాలు చదివాడో మనకు అక్కర్లేదు. ఆ రెండు గీతల మీద తన చేతిని ఎంత దిద్దాడో అన్నదే ముఖ్యం. ఇలా ఇంకొకరి గొంతులో ఇంత దూరం నడిచిన మనిషి సొంత గొంతు పోగొట్టుకోలేదు. హరివంశం, నృసింహపురాణం రాసిన ఎర్రన వేరుగానే వినిపిస్తాడు. సొంత గొంతు పాడవుతుందేమోనని ఎవరినీ చదవకుండా కూర్చునే కుర్రవాళ్ళు ఈ మధ్య నాకు తరచు తారసపడుతున్నారు. వాళ్ళకు ఎర్రనను మించిన ధైర్యం నేను చెప్పలేను.

తాటాకు కాలంలో పుస్తకం బతకాలంటే ఎవరో ఒకరు దాన్ని తిరిగి రాయాల్సిందే. ఆకు ఎండకు పెళుసెక్కుతుంది, వానకు నాని చెడుతుంది, పురుగు తొలుస్తుంది. కొన్ని తరాలకొకసారి కొత్త ఆకుల మీదికి ఎక్కించకపోతే గ్రంథం పోయినట్టే. గంటంతో ఆకు మీద అక్షరం గీస్తారు, పైన మసి రుద్దితే గీతల్లోకి దిగి కనబడుతుంది. గీసిన గీతను తేలిగ్గా చెరపడానికి వీల్లేదు. కనుక చేయి కదిలేలోగా మాట మనసులో కుదురుకోవాలి. అలా ప్రతులు ఎత్తి రాసే రాయసగాళ్ళు గ్రంథం చివర తమ వంగిన నడుము గురించీ, మెడ నొప్పి గురించీ చెప్పుకుని, ఇంత కష్టపడి రాసినదాన్ని జాగ్రత్తగా కాపాడమని వేడుకునేవారు. ఆ మెడ నొప్పి ఇప్పుడు ఫోను మీద వంగిన మన పిల్లలకూ వచ్చింది. కాపాడమని అడగదగిన గ్రంథం మాత్రం చేతిలో ఉండడం లేదు.

ఈ సంప్రదాయాన్ని పెద్ద ఎత్తున కడపలో చూస్తాం. 1820లో ఉద్యోగం మీద ఆ ఊరికి వచ్చిన సి.పి. బ్రౌన్ సొంత జీతంలోంచి పండితులనూ లేఖకులనూ పెట్టుకున్నాడు. ఒక్కో గ్రంథానికి దొరికినన్ని ప్రతులు తెప్పించేవాడు. ఒకదాన్ని ఇంకొకదానితో పోల్చి, పాఠాంతరాలు గుర్తించి, శుద్ధప్రతి రాయించేవాడు. 1829లో అచ్చయిన వేమన పద్యాలూ, 1850లలో వచ్చిన నిఘంటువూ ఆ పనిలోంచే వచ్చాయి. బ్రౌన్ తెలుగుకు చేసిన మేలు గురించి చాలా సభల్లో చెప్పుకుంటాం. నాకు మాత్రం ఆ పండితుల బల్లే కళ్ళముందు కదులుతుంది. ఒకే పద్యం నాలుగు ప్రతుల్లో నాలుగు రకాలుగా ఉంటే, ఏ మాట కవిది, ఏ మాట రాయసగాడిది అని తేల్చాలి. గణం సరిపోయిందా, యతి కుదిరిందా, అర్థం నిలిచిందా అని ఒక్కో మాట దగ్గర ఆగాలి. అంత నిదానంగా చదివే అవకాశం ఈనాటి ఏ రచనా శిక్షణ శిబిరంలోనూ లేదు.

తర్వాత అచ్చు వచ్చింది. దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అచ్చు లేకపోతే నేను లేను, ఈ గ్రంథాలయమూ లేదు. అయితే అచ్చుతో చదివేవాడు వేరు, రాసేవాడు వేరు అయ్యారు. పుస్తకం నిలవడానికి పాఠకుడి చేతితో పనిలేకపోయింది. ఆ నష్టాన్ని కొంతైనా పూడ్చింది గ్రంథాలయోద్యమమే. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం, 1918లో మన వేటపాలెంలో సారస్వత నికేతనం. పాతూరి నాగభూషణం పెదవడ్లపూడి దగ్గర కాలవ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పించారు. వీటి చరిత్ర మీకు నాకంటే బాగా తెలుసు. నేను చెప్పదలచింది ఒక్కటే. ఆ గ్రంథాలయాలు పుస్తకాలు దాచిన గదులు మాత్రమే కావు, చదివి వినిపించిన గదులు. అక్షరం రానివాళ్ళ మధ్య కూర్చుని ఒకరు పత్రికను పైకి చదివేవారు. పైకి చదివేటప్పుడు కృత్రిమమైన వాక్యం నోటికి అడ్డం పడుతుంది. వినేవాళ్ళ ముఖాల్లో అది తెలిసిపోతుంది. రాసినదాన్ని పైకి చదువుకునే అలవాటు లేని రచయితకు ఆ ముఖాలు ఎప్పటికీ కనబడవు.

ఆ ఉద్యమం తయారుచేసిన మనుషుల్లో వట్టికోట ఆళ్వారుస్వామిని తలచుకోకుండా ఉండలేను. ఇళ్ళలో పనిచేసి, హోటల్లో సర్వరుగా నిలబడి చదువుకున్న మనిషి. గోల్కొండ పత్రికలో ప్రూఫులు దిద్దాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు మోసుకుంటూ తిరిగి అమ్మాడు. ఆ తర్వాతే 'ప్రజల మనిషి' రాశాడు. ఆ వరస గమనించండి. ముందు ఇతరుల అక్షరాల్లో తప్పులు దిద్దిన చేయి, తర్వాత ఇతరుల పుస్తకాలు మోసిన చేయి, ఆ పైన రాసిన చేయి. ఇప్పుడు మన వరస తిరగబడింది. ముందు పుస్తకం వేసుకుని, ఆ తర్వాత చదవడానికి తీరిక దొరుకుతుందేమో చూస్తున్నాం.

ఇక గురజాడ దగ్గరకు వస్తాను. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, మన్నించండి.

'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో ప్రదర్శనకెక్కింది, 1897లో అచ్చయింది. జనం మెచ్చారు. మరొకరైతే అక్కడితో తృప్తిపడి తర్వాతి నాటకం మొదలుపెట్టేవారు. గురజాడ అదే నాటకాన్ని మళ్ళీ ముందేసుకున్నాడు. 1909లో వచ్చిన కూర్పును మలికూర్పు అనడం కన్నా కొత్త నాటకం అనడమే న్యాయం. అయిదంకాలు ఏడయ్యాయి. తొలికూర్పులో అంతంతమాత్రంగా ఉన్న మధురవాణి రెండోదానిలో నాటకానికే ప్రాణమైంది. ఈ తేడా ఎంతో చాలాకాలం పాఠకులకు తెలియనే లేదు. 1969లో పరిశోధకుడు బంగోరె తొలి కన్యాశుల్కాన్ని వెలికితీసి అచ్చువేశాకే రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదివే వీలు కలిగింది. రాయదలచినవాళ్ళకు తెలుగులో ఇంతకన్నా మంచి పాఠ్యపుస్తకం లేదని నా నమ్మకం. రెండు కూర్పులూ బల్ల మీద పెట్టుకోండి. ఏ సంభాషణ పోయింది, ఏది పెరిగింది, ఒక పాత్ర నోట్లోంచి ఏ మాట ఇంకో పాత్ర నోట్లోకి వెళ్ళింది అని ఒక నెల రోజులు చూడండి. పన్నెండేళ్ళు ఒక మనిషి తన రాత మీద తానే పెట్టుకున్న సవరణ గీతలు అక్కడ కనబడతాయి.

ఆ మనిషే మరుసటి ఏడాది, 1910లో, రాసిన కథకు 'దిద్దుబాటు' అని పేరు పెట్టాడు. కథలో దిద్దుబాటు ఒక భర్త నడవడికి. కానీ ఆ మాట ఆయన చేతిలో ఎంతకాలంగా మెదులుతోందో ఈ రెండు కన్యాశుల్కాలూ చూసినవాళ్ళకు ఊహించుకోవడం కష్టం కాదు.

గురజాడకు మనుషుల మాటను పట్టే చెవి ఎక్కడిది అన్న ప్రశ్నకు పుస్తకాలు సగం జవాబే. విజయనగరం వీధులూ, ఇళ్ళూ, కచేరీలూ మిగతా సగం. ఆయన సహాధ్యాయి గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకోవడానికి ఆ భాష వచ్చిన ఒకరిని తన ఇంట్లోనే ఉంచుకుని విన్నాడు. ఆ వినికిడి అలవాటే తర్వాత ఆయన్ను వాడుకభాష కోసం నిలబెట్టింది. విశాఖ కోర్టుల్లో వకీలుగా తిరిగిన రావిశాస్త్రి 'ఆరు సారా కథలు'లో వినిపించిన గొంతులు ఏ గ్రంథాలయంలోనూ దొరికేవి కావు. మనుషుల మాటనూ పుస్తకం చదివినట్టే చదవాలి. ఒకసారి చదివితే చాలదు. దిద్దాలి.

ఇది నాకు మాస్టారు నేర్పారు. అప్పటికి నాకు ఇరవయ్యేళ్ళు. మాది నేతపనివాళ్ళ వీధికి పక్క వీధి. మగ్గం చప్పుడు వింటూ పెరిగాను కనుక మగ్గం నాకు తెలుసనుకున్నాను. ఒక నేతగాడి మీద కథ రాసి, పదకొండు కాగితాలు గుండుసూదితో కలిపి మాస్టారి చేతికిచ్చాను. అందులో ఒక వాక్యం ఉంది. నాడెలో పడుగు అయిపోయి నేత ఆగిందని.

నాలుగు రోజుల తర్వాత కాగితాలు తిరిగొచ్చాయి. ఎక్కడా ఎర్రసిరా లేదు. ఒక్క 'పడుగు' అన్న మాట కింద మాత్రం పెన్సిలుతో సన్నటి గీత. ఏమిటని అడిగితే ఆయన తల ఎత్తకుండానే అన్నారు: "ఏ మగ్గం దగ్గరైనా కూర్చుని రా. నాకు చెప్పనక్కర్లేదు."

నేను ముందు నిఘంటువు తీశాను. పడుగు అంటే నిలువు పోగులు, పేక అంటే అడ్డపోగులు అని ఉంది. ఆ మాట మార్చేస్తే సరిపోతుందనుకున్నాను. మార్చి ఇస్తే కాగితాలు ముట్టుకోకుండా, "కూర్చున్నావా?" అని అడిగారు. అప్పుడు వెళ్ళాను. పక్కవీధిలో ఒక పెద్దాయన గుంటమగ్గం మీద నేసేవాడు. నడుము దాకా నేలలో ఉన్నట్టు కనబడేవాడు. గుమ్మం పక్కన ఆయన భార్య రాట్నం తిప్పుతూ కండెలు చుట్టేది. నాడెలో పెట్టేది ఆ కండె, అందులో ఉండేది పేక. పడుగు మగ్గం నిడివి అంతా సాగి ఉంటుంది, అది నాడెలో ఉండేది కాదు. ఇంతవరకు నిఘంటువూ చెప్పింది. నిఘంటువు చెప్పనిది రెండో సాయంత్రం చూశాను. ఒక పడుగు పోగు తెగింది. చప్పుడు ఆగింది. ఆయన వంగి చూడలేదు. కళ్ళు గుమ్మం వైపే ఉన్నాయి, వేళ్ళు మాత్రం ఆ వందల పోగుల మధ్య తెగినదాన్ని వెతికి పట్టుకుని అతికాయి. వంటింట్లోంచి ఎవరో తొంగిచూశారు. చప్పుడు మళ్ళీ మొదలవగానే ఆ తల లోపలికి వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో ఎవరూ పడుగు అనీ పేక అనీ అనలేదు. అనవలసిన అవసరం వాళ్ళకు లేదు.

కథ మళ్ళీ రాశాను. దిద్దిన ప్రతిలో ఆ వాక్యమే లేదు, పడుగు అన్న మాట కూడా లేదు. చప్పుడు ఆగడం, ఒక తల తొంగిచూడడం ఉన్నాయి. తప్పు మాటకు బదులు ఒప్పు మాట పెట్టడమే దిద్దుబాటు అనుకున్న నాకు, తప్పు మాట ఉన్నచోట నేను చూడని బతుకు ఒకటి ఉందని అప్పుడు తెలిసింది.

పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు మాస్టారు ఎలా ఉందని ఎవరినీ అడిగేవారు కాదు. "ఎక్కడ ఆగావు?" అని అడిగేవారు. చదువుతూ చదువుతూ ఏ పేజీ దగ్గర పుస్తకం మూసి చూరు వైపు చూశావు అని దాని అర్థం. జవాబు ఉంటే, ఆ పేజీని చేతితో రాసుకుని రమ్మనేవారు. ఎక్కడా ఆగలేదని చెబితే ఏమీ అనకుండా తేదీ ముద్ర వేసి అదే పుస్తకం మళ్ళీ చేతిలో పెట్టేవారు. ఒక పేజీని చేతితో ఎక్కిస్తే ఏమవుతుందో చేసినవాళ్ళకే తెలుస్తుంది. కంటితో దాటిపోయిన కామా దగ్గర చేయి ఆగుతుంది. ఈ వాక్యం ఇక్కడ ఎందుకు ముగిసింది, నేనైతే ఇంకో నాలుగు మాటలు సాగదీసేవాడిని కదా అని అనిపిస్తుంది. ఆ పేచీలోంచి నేర్చుకోవడం మొదలవుతుంది. మాస్టారికి బ్రౌన్ పండితుల బల్ల సంగతి తెలుసో లేదో నేనెప్పుడూ అడగలేదు.

కాళీపట్నం రామారావుగారి జీవితాన్ని కూడా నేను ఈ దిద్దడం అన్న మాట వెలుగులోనే చూస్తాను. బడిపంతులుగా పనిచేస్తూ కథలు రాసిన ఆయన, మధ్యలో కొన్నేళ్ళు కలం దాదాపు పక్కన పెట్టేశారు. ఆ విరామం తర్వాత వచ్చింది 'యజ్ఞం', 1960లలో, 'యువ'లో. రాయకుండా ఉన్న ఏళ్ళను మన సాహిత్య చరిత్రకారులు ఖాళీగా లెక్కేస్తారు. నాకు అవి పలక మీద దిద్దిన ఏళ్ళలా కనబడతాయి. తన పేరు స్థిరపడ్డాక ఆయన సొంత కథలకన్నా ఇతరుల కథలు చదవడానికే ఎక్కువ కాలం ఇచ్చారు. 1997లో శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. దానికి పురస్కారాల్లో వచ్చిన సొమ్ము పెట్టారు. పాత పత్రికలు వెతికించి, తెలుగు కథ అన్నది ఎక్కడ అచ్చయినా తెచ్చి అక్కడ చేర్చాలన్నది సంకల్పం. మంచి కథలు మాత్రమే కాదు, అన్ని కథలూ. ఆ నిర్ణయం మీద అభ్యంతరాలు ఉన్నాయి. నాకూ ఒకప్పుడు ఉండేవి. ఇప్పుడు లేవు. చెడ్డ కథను ఓపికగా చదివి ఎక్కడ చెడిందో పట్టుకోలేనివాడికి మంచి కథ ఎందుకు మంచిదో తెలియడం కష్టం.

చివరగా ఈ కాలం గురించి రెండు మాటలు. ఫోనులో రాయడం తప్పు కాదు. కొత్త రచయితల్లో చాలామందికి బల్లా కుర్చీ లేవు, బస్సులో నిలబడే రాసుకుంటున్నారు. వాళ్ళంటే నాకు గౌరవం. నా దిగులు గడువు గురించి. తాటాకు మీద గీయడానికి ముందు ఆలోచించే గడువుండేది. అచ్చుకు పంపాక తిరుగుటపాలో వచ్చేదాకా గడువుండేది. తిరిగొచ్చిన కథ బాధపెట్టేది గాని, దిద్దుకునే అవకాశమూ ఇచ్చేది. ఇప్పుడు వాక్యం ముగిసిన నిమిషంలోనే నలుగురి ముందుకు వెళుతుంది, అయిదో నిమిషానికి మెప్పు కూడా వస్తుంది. మెచ్చిన కన్యాశుల్కాన్ని పన్నెండేళ్ళ తర్వాత మళ్ళీ రాసిన మనిషి వారసులం మనం. కనుక గడువును ఇప్పుడు ఎవరికి వారే పెట్టుకోవాలి. నేను రాసినదాన్ని ఒక పక్షం రోజులు సొరుగులో పెడతాను. తీసినప్పుడు పైకి చదువుతాను, మా ఇంట్లో ఎవరైనా వింటుండగా. వాళ్ళు అటూ ఇటూ చూడడం మొదలుపెట్టిన చోట పెన్సిలుతో గీత పెడతాను. ఇంతకు మించిన పద్ధతి నాకు లేదు.

ఈ గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రాలు ఒక బల్ల రాసుకునే వాళ్ళకోసం కేటాయిస్తున్నారని కార్యదర్శిగారు చెప్పారు. సంతోషం. ఆ బల్లకు నా వంతుగా ఒక కాగితం తెచ్చాను. నలభయ్యేళ్ళ నాటిది, మడతల దగ్గర చిరుగుతోంది. 'పడుగు' కింద పెన్సిలు గీత ఇంకా కనబడుతూనే ఉంది. దీన్ని అద్దాల బీరువాలో మాత్రం పెట్టకండి. బల్ల సొరుగులో ఉంచి, కథ పట్టుకొచ్చిన కుర్రవాళ్ళెవరైనా అడిగితే చేతికివ్వండి. చిరిగిపోతే ఎవరితోనైనా తిరగరాయించండి.